మోకాలి దాకానే పూసే ఫోర్సిథియా: తప్పు కత్తెరదా, చలిదా?

ముందు మీ ప్రశ్న మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మీరు మిన్నియాపొలిస్ పక్కన ఈడెన్ ప్రెయిరీలో 2021లో ఇల్లు కొన్నారు. పెరట్లో పాతవాళ్లు పెట్టిన ఏడడుగుల ఫోర్సిథియా పొద ఉంది. ఏప్రిల్ ఆఖర్లో కింద అడుగున్నర మేర పసుపు ముద్దలా పూస్తుంది, పైనంతా బోడిగా ఉంటుంది. మే వచ్చేసరికి ఆకు మాత్రం నిలువునా వస్తుంది. 2024లో ఒక్కసారి పైదాకా పూసింది. ఏటా అక్టోబరులో గుండ్రంగా కత్తిరిస్తున్నారు, లాన్‌కి వేసే ఎరువే దానికీ వేస్తున్నారు. పీకేయాలా, పూలు రావడానికి మందేమైనా వేయాలా, ఒక కొమ్మ తీసుకెళ్లి కరీంనగర్‌లో అమ్మానాన్నల ఇంట్లో నాటొచ్చా అని అడిగారు.

ఇప్పుడే పార తీయకండి. మందు అసలే కొనకండి. నేను ఈ ఊళ్లో ఇరవై నాలుగేళ్లుగా ఉంటున్నాను. పుట్టింది కడియం పక్కన, నర్సరీల మధ్య. ఆ ధీమాతోనే ఇక్కడికొచ్చిన మొదటి ఐదేళ్లలో ఎన్ని మొక్కలు చంపానో చెప్పుకుంటే సిగ్గేస్తుంది. వాటిలో ఫోర్సిథియా మాత్రం లేదు, ఎందుకంటే అది చావదు. చావదు కాబట్టే దాని సంగతి మనకి అర్థం కాదు.

మీరు మామూలుగా రాసేసిన ఒక్క వాక్యంలో సగం జవాబు ఉంది: 2024లో పైదాకా పూసిందన్నారు. 2023-24 చలికాలం మిన్నెసోటా రికార్డుల్లోనే అన్నిటికన్నా వెచ్చనిది. మంచు కూడా అంతంతమాత్రం. ఆ ఏడు మా వీధిలో పదేళ్లుగా ముక్కుతూ మూలుగుతూ ఉన్న పొదలు కూడా ఒళ్లంతా పూశాయి. మీరు అంతకు ముందు అక్టోబరులో కూడా కత్తెర వేశారు, ఎరువూ వేశారు. అయినా పూసింది. ఆ ఏడు మారింది చలి ఒక్కటే.

కింద అడుగున్నర లెక్క కూడా అక్కడికే వస్తుంది. జనవరిలో మీ పెరట్లో మంచు ఎంత ఎత్తున పేరుకుంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మంచు దుప్పటిలాంటిది. పైన గాలి మైనస్ 20 ఫారెన్‌హీట్ ఉన్నా, అడుగు లోతు మంచు కింద నేల దగ్గర అంత చలి ఉండదు. మంచులో మునిగిన మొగ్గలు బతికాయి, గాలిలో నిలబడ్డవి మాడిపోయాయి. అందుకే పరికిణీకి జరీ అంచు కుట్టినట్టు కిందనే పూత. ఇక్కడ పాత తోటమాలులు ఈ పొదని చూసి "నిరుడు మంచు ఎంత పడిందో ఇక్కడ కొలుచుకోవచ్చు" అని నవ్వుతారు.

అసలు చిక్కేమిటంటే, ఫోర్సిథియాకి చలిని తట్టుకునే శక్తి రెండు రకాలుగా ఉంటుంది. కొమ్మది ఒకటి, పూమొగ్గది ఒకటి. నర్సరీ చీటీ మీద జోన్ (ఊరి చలి తీవ్రతని బట్టి ఇచ్చే అంకె) 4 అనో 5 అనో ఉండేది కొమ్మ గురించి, అంటే మొక్క బతుకుతుందా లేదా అని. పూస్తుందా లేదా అని ఆ అంకె చెప్పదు. పాత రకాల్లో ఈ రెండింటి మధ్య చాలా తేడా. లిన్‌వుడ్ గోల్డ్ అని అన్ని దుకాణాల్లోనూ దొరికే రకం ఉంది. దాని కొమ్మలు మన చలికి కొస మాత్రం ఎండి మళ్లీ చిగురిస్తాయి. పూమొగ్గలు మాత్రం మైనస్ 10 నుంచి మైనస్ 15 ఫారెన్‌హీట్ (మైనస్ 23 నుంచి 26 సెల్సియస్) దగ్గర చచ్చిపోతాయి. మనకి ఆ చలి చాలా ఏళ్లలో ఒకటి రెండు రాత్రులైనా తగులుతుంది. ఒక్క రాత్రి చాలు.

ఒక్క రాత్రికే ఎందుకు పోతాయంటే, ఈ పూమొగ్గ లోపలి నీరు సున్నా సెల్సియస్ దాటగానే గడ్డకట్టదు. మొగ్గ చుట్టూ ఉన్న పొలుసుల్లో మంచు ఏర్పడినా, లోపలి పిందె పువ్వులో నీరు ద్రవంగానే ఉండిపోతుంది, చాలా కింది డిగ్రీల దాకా. ఆ హద్దు దాటిన క్షణంలో మొత్తం ఒక్కసారిగా గడ్డకడుతుంది. అక్కడితో సరి. కొంచెం దెబ్బతినడం, తర్వాత కోలుకోవడం అంటూ ఉండదు. ఆకుమొగ్గల సంగతి వేరు, అవి ఇంకా మొండివి. అందుకే మేలో ఆకు చూసి మీరు "మొక్క ఇంత ఆరోగ్యంగా ఉందే, పువ్వెందుకు రాదు" అని తల పట్టుకుంటున్నారు.

ఇంతా చెప్పి, కత్తెర తప్పు లేదని మాత్రం అనను. ఈ రెండు తప్పులూ దూరం నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి, కత్తిరించినప్పుడు పోయేవీ పైకొసలే కాబట్టి. తేడా తెలుసుకోవాలంటే పొద దగ్గరికి వెళ్లాలి.

మార్చి మొదటి వారంలో, ఎండ కాసి కాస్త కరిగిన మధ్యాహ్నం, పైనుంచి రెండు కొమ్మలు, మంచు కింద నుంచి ఒక కొమ్మ జానెడు పొడవున కోసి ఇంట్లోకి తెచ్చుకోండి. గంటసేపు బల్ల మీద ఉంచండి. కణుపుల దగ్గర చూడండి: సన్నగా, కొమ్మకి అతుక్కుని ఒంటరిగా ఉన్నది ఆకుమొగ్గ. పక్కపక్కన రెండు మూడు గుత్తిగా, వడ్లగింజ అంత ఉబ్బుగా, మొనదేలి బయటికి చాచుకుని ఉన్నవి పూమొగ్గలు. పాత షేవింగ్ బ్లేడుతో ఒక పూమొగ్గని నిలువుగా చీల్చండి. లోపల లేత పచ్చ, లేదా పెసరపప్పు రంగు తడిగా కనిపిస్తే బతికి ఉంది. మధ్యలో కాఫీపొడి రంగు చుక్క ఉంటే పోయింది, పైన పొలుసు ఎంత బాగున్నా సరే. కనీసం పదిహేను ఇరవై మొగ్గలు చీల్చండి, ఒకటి చూసి తీర్పు చెప్పకండి.

పై కొమ్మల్లో పూమొగ్గలుండి అన్నీ లోపల గోధుమరంగుగా ఉంటే తప్పు చలిది. పై కొమ్మల్లో అసలు గుత్తి మొగ్గలే లేకుండా, కొసలన్నీ తెగి మొండిగా ఉంటే తప్పు మీ అక్టోబరు కత్తెరది. నా అంచనా మీ దగ్గర రెండూ ఉన్నాయి, చలి ముప్పావు వంతు, కత్తెర పావు వంతు. బ్లేడు ఏం చెబుతుందో చూద్దాం.

కత్తెర గురించి నాకు స్వానుభవం ఉంది. మా ఇంట్లో ఒక శరదృతువులో ఆకులు ఊడ్చడానికి ఒక కంపెనీ మనుషుల్ని పిలిచాను. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఊడ్చిన ఆకులతోపాటు, అడగకుండానే, నా పొదని కూడా బంతిలా చెక్కి పెట్టారు. వాళ్ల దృష్టిలో అది ఉచిత సేవ. పక్క ఏప్రిల్లో ఆ బంతికి మొత్తం కలిపి పదకొండు పువ్వులు పూశాయి. లెక్కపెట్టాను. ఎందుకంటే ఫోర్సిథియా వచ్చే వసంతం పూలని ఈ వేసవిలోనే కట్టుకుంటుంది. జూన్, జులైల్లో పెరిగిన కొమ్మ మీద మొగ్గ ఏర్పడి, ఎనిమిది నెలలు అక్కడే కూర్చుంటుంది. అక్టోబరులో కోసిన ప్రతి కొసా పూలతో సహా పోతుంది. పూత రాలిన మర్నాడు నుంచి మూడు నాలుగు వారాల లోపు కోసేదంతా కోసేయాలి, జూన్ మధ్య దాటితే కత్తెర గూట్లో పెట్టేయాలి.

ఎలా కోయాలన్నది ఎప్పుడు కోయాలన్నంత ముఖ్యం. హెడ్జ్ ట్రిమ్మర్‌తో పైపైన గొరగకండి. గొరిగితే పైన చీపురులా పుల్లలు పుట్టి లోపలికి వెలుతురు పోదు, కింద బోసిపోతుంది. పొద మొదట్లో కూర్చుని చూడండి: బొటనవేలి కన్నా లావుగా, బెరడు ముదురుగా గరుకెక్కిన కొమ్మలుంటాయి. మొత్తం కొమ్మల్లో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు, ముసలివి ఏరి నేల దగ్గరికంటా లాపర్‌తో (పొడుగు పిడుల కత్తెర) కోసేయండి. మధ్యకి కాదు, మొదలికి. అలా మూడు నాలుగేళ్లు వరసగా చేస్తే పొద మొత్తం కొత్తదైపోతుంది, పూత కూడా మధ్యలో ఆగదు. పొద మరీ అడవిలా ఉంటే ఇంకో దారి ఉంది: మార్చిలో చిగురించక ముందే మొత్తం నాలుగైదు అంగుళాల మోళ్లుగా నరికేయడం. చావదు, చెప్పాగా. కానీ ఆ ఏడు పువ్వు ఉండదు, మరుసటి ఏడు కూడా ఒక మోస్తరే.

ఇప్పుడు పీకేయాలా వద్దా అన్నది. బ్లేడు పరీక్షలో చలే కారణమని తేలితే, మీ ముందున్నది ఒక్కటే ప్రశ్న: వెచ్చని ఏడాదికి మాత్రమే పూసే పొద మీకు చాలా? కొంతమందికి చాలు. మిగతా కాలం అది మంచి పచ్చటి అడ్డుగోడ. గోనెపట్టా చుట్టడం మాత్రం దండగ. గోనె గాలిని ఆపుతుంది గానీ వేడిని పుట్టించదు, రాత్రంతా మైనస్ 20 ఉంటే లోపలా మైనస్ 20కే చేరుతుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన తీగలా వంగే కొమ్మల్ని నవంబరులో నేలకి వంచి, ఇటుకలు పెట్టి, మంచు కింద దాస్తాడు. ఏప్రిల్లో ఇటుకలు తీస్తే కొమ్మలు పూలతో లేస్తాయి. రిటైరయ్యాక నేనూ చేస్తానేమో.

ఏటా పూయాలంటే రకం మార్చాలి. మొదటి ఎంపిక మెడోలార్క్. ఆర్నాల్డ్ ఆర్బొరేటం అనే వృక్షోద్యానంలో పుట్టిన మొక్క. ఉత్తర, దక్షిణ డకోటాల రాష్ట్ర విశ్వవిద్యాలయాలు మైదానపు చలిలో పెట్టి చూసి, 1986లో బయటికిచ్చాయి. దీని పూమొగ్గ మైనస్ 35 ఫారెన్‌హీట్ (మైనస్ 37 సెల్సియస్) దాకా ఓర్చుకుంటుంది. రెండోది నార్తర్న్ సన్, మన మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లదే, మైనస్ 30 దాకా. చాన్‌హాసెన్‌లోని ల్యాండ్‌స్కేప్ ఆర్బొరేటం మీకు పావుగంట దూరం, ఏప్రిల్ ఆఖర్లో వెళ్లి ఫోర్సిథియాలు ఎక్కడున్నాయని అడిగి చూసి రండి. మూడోది నార్తర్న్ గోల్డ్, కెనడాలో ఒట్టావా వ్యవసాయ పరిశోధకులు తీసింది. ఈ మూడింటిలోనూ కొరియా రకం ఫోర్సిథియా ఓవాటా రక్తం ఉంది. 1917లో ఎర్నెస్ట్ విల్సన్ అనే మొక్కల వేటగాడు కొరియా వజ్ర పర్వతాల నుంచి దాని విత్తనం ఆర్నాల్డ్ ఆర్బొరేటానికి తెచ్చాడు, చలికి జడవని గుణం అక్కడి కొండల నుంచి వచ్చిందే. దానికి తోడు అల్బేనియా వైపు దొరికే యూరోపా రకంతో సంకరం చేశారు.

ఒక హెచ్చరిక: పూల పరిమాణంలోనూ రంగులోనూ లిన్‌వుడ్‌దే పైచేయి. మెడోలార్క్ పువ్వు కాస్త చిన్నది, పసుపు కాస్త లేత. పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ లిన్‌వుడ్డే నచ్చుతుంది. కానీ 2019 జనవరి 30న మిన్నియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది, గుర్తుందా? మీరు అప్పటికి రాలేదేమో. ఆ వసంతంలో మా మెడోలార్క్ కొస దాకా పూసింది, కంచె అవతల పొరుగాయన లిన్‌వుడ్ పరికిణీ అంచు కట్టుకుంది. నచ్చిన రంగు కన్నా ఉన్న రంగు మేలనిపించింది.

2023లో వచ్చిన కొత్త జోన్ మ్యాపు చూసి "మనం ఇప్పుడు వెచ్చబడ్డాం కదా, ఏదైనా పెట్టొచ్చు" అనేవాళ్లున్నారు. ఆ మ్యాపు ముప్పై ఏళ్ల సగటు. ప్రతి ఏడాది అన్నిటికన్నా చల్లని రాత్రిని తీసుకుని సగటు కడతారు. సగటు రాత్రికి మొగ్గ చావదు, సగటుని దాటిన రాత్రికి చస్తుంది.

కొనేటప్పుడు చీటీ మీద రకం పేరు లేకుండా ఉత్త "ఫోర్సిథియా" అని రాసున్నది కొనకండి. నాటేది ఆరు గంటలు తగ్గకుండా ఎండ పడే చోట, ఎనిమిది తొమ్మిది అడుగుల వెడల్పు వదిలి. ఇంటి చూరు నుంచి మంచు జారిపడే చోట వద్దు, కొమ్మలు విరుగుతాయి. మొదటి ఏడాది వారానికోసారి లోతుగా నీళ్లు, మొక్క మొదలు చుట్టూ రెండు మూడంగుళాల చెక్కపొట్టు. తర్వాత దాని జోలికి పోనక్కర్లేదు. నేల విషయంలో పేచీ పెట్టదు, నీళ్లు నిలిస్తే తప్ప. లాన్ ఎరువు మాత్రం ఆపేయండి. అందులో నత్రజని ఎక్కువ, పొద ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. పూల మందు అంటూ అమ్మే డబ్బాలు చచ్చిన మొగ్గని బతికించలేవు. కుందేళ్లు చలికాలంలో మొదలు దగ్గరి బెరడు కొరుకుతాయి, లేత మొక్కకి తీగవల చుట్టండి. కొమ్మల మీద బొప్పి కట్టినట్టు గరుకు ముద్దలు కనిపిస్తే ఆ ముద్ద కింద నుంచి కోసి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు.

కొత్తది రెండు మొక్కలుగా చేసుకోవాలంటే డబ్బు పెట్టక్కర్లేదు. కడియంలో మా వాళ్లు నేల అంటు అనేదే ఇక్కడా. జూన్‌లో వంగే కొమ్మ ఒకటి నేలకి వంచి, ఒక కణుపు కింద బెరడు కాస్త గీరి, రెండంగుళాల మట్టి కప్పి, రాయి పెట్టండి. కొస బయటే ఉండాలి. వచ్చే వసంతానికి వేళ్లు వస్తాయి, తల్లి నుంచి కోసి విడిగా నాటుకోవచ్చు. నిజానికి ఫోర్సిథియాకి ఇది కూడా మనం నేర్పక్కర్లేదు, నేల తగిలిన కొమ్మ దానంతటదే వేళ్లు వేస్తుంది. మీ పొద చుట్టూ వెతకండి, ఒకటో రెండో పిల్లలు ఉండే ఉంటాయి. అవి కూడా తల్లి రకమే కాబట్టి, తల్లి పూయకపోతే వాటినీ ఆశించకండి.

కరీంనగర్ సంగతి: వద్దు. దీని చలికాలపు నిద్ర తీరాలంటే వారాల తరబడి గట్టి చలి కావాలి, ఆ చలి అయ్యాక వెచ్చబడితేనే మొగ్గ విచ్చుతుంది. కరీంనగర్ డిసెంబరు దానికి చలి కింద లెక్క కాదు. పైగా అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు సరిహద్దు దాటించడం నేరం. ఈ పసుపు చూస్తే తంగేడు గుర్తొస్తుందని రాశారు, అందరికీ అలాగే అనిపిస్తుంది. కానీ తంగేడు చిక్కుడు, చింతల కుటుంబం. ఫోర్సిథియా మల్లె, పారిజాతాల కుటుంబం. పువ్వు దగ్గరగా చూడండి, తంగేడుకి అయిదు రేకలు, దీనికి నాలుగు, అడుగున కలిసి చిన్న గొట్టంలా ఉంటాయి. మల్లె చుట్టమే గానీ వాసన మాత్రం వారసత్వంగా రాలేదు. అమ్మానాన్నల పెరట్లో తంగేడే బాగుంటుంది, బతుకమ్మకీ పనికొస్తుంది.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెబుతాను. మన ఊళ్లో రోహిణి కార్తె, మృగశిర కార్తె అని పని మొదలుపెట్టినట్టు, ఇక్కడి వాళ్లు ఫోర్సిథియా పూయగానే లాన్‌లో క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి మొలవకుండా ముందు మందు చల్లుతారు. లెక్క మరీ పక్కాగా ఉండదు. ఆ గడ్డి నేల వేడిని బట్టి, 55 ఫారెన్‌హీట్ దగ్గర మొలకెత్తడం మొదలుపెడుతుంది, పొద గాలి వేడిని బట్టి పూస్తుంది. అయినా క్యాలెండర్ చూసి చల్లడం కన్నా ఇది నయం.

పొద పైభాగం పూయని ఏడు కూడా మీరు మంచు కింది కొమ్మలతో ఉగాది చేసుకోవచ్చు. ఉగాది నాటికి ఇక్కడ పెరట్లో చాలాసార్లు ఒక్క పువ్వుండదు. పండక్కి రెండు మూడు వారాల ముందు, కాస్త కరిగిన రోజు, మంచు తవ్వి మొగ్గలున్న కొమ్మలు నాలుగు కోయండి. మొదళ్లు ఏటవాలుగా తిరిగి కోసి, గోరువెచ్చని నీళ్లలో పెట్టి, నేరుగా ఎండ పడని చల్లటి గదిలో ఉంచండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. మొగ్గల్లో పసుపు తొంగిచూశాక హాల్లోకి తెచ్చుకోండి. ఫిబ్రవరిలో కోస్తే మూడు వారాలు పట్టొచ్చు, మార్చి ఆఖర్లో కోస్తే వారం చాలు. 2025లో పండగ మార్చి 30న వచ్చింది, నేను పదమూడో తారీకున కోశాను, సరిగ్గా తెల్లారేసరికి విచ్చుకున్నాయి. వేపపువ్వు ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్ ప్యాకెట్టే గతి. ఫోర్సిథియా పువ్వుని మాత్రం పచ్చట్లో వేయకండి, మా ఇంటికొచ్చిన ఒకావిడ నిజంగానే అడిగింది.

బ్లేడు పరీక్ష చేసినప్పుడు పై కొమ్మవి, కింది కొమ్మవి వేరువేరు తెల్లకాగితాల మీద పెట్టి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. ఫ్లాష్ ఆపేయండి, అది పడితే గోధుమరంగు, పచ్చ రెండూ ఒకేలా కనిపిస్తాయి.